లియోకాదియా గారి కుడిచెయ్యి

ఫిర్మీనా ఉండే గది రైలు స్టేషను వెనక వీధిలో చిట్టచివరిది. ఒక కిటికీ, ఒక మంచం, ఒక కుట్టుమిషను. నలభై రెండేళ్లొచ్చినా పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదని అడిగేవాళ్లు కూడా ఈ మధ్య అడగడం మానేశారు. ఊళ్లో ఆడవాళ్లందరి నడుం కొలతలూ ఆమెకు నోటికొచ్చు. ఆమె ఎలా ఉంటుందో చెప్పమంటే మాత్రం ఆ ఆడవాళ్లలో సగంమంది తడుముకుంటారు. పొద్దున్నే ఒక కప్పు కాఫీ కాచుకుంటుంది. మిషను ముందు కూర్చుని అది చల్లారిపోయాక గుర్తుతెచ్చుకుని తాగుతుంది.

కాఫీ తోటల యజమాని, ఊరంతా కర్నల్ అని పిలిచే ఎవరిస్తో గారి భార్య లియోకాదియా గారు పోయిన మూడోనాడు ఆ ఇంటి వంటమనిషి కుస్తోదియా వచ్చి ఫిర్మీనా తలుపు తట్టింది. కుస్తోదియా మొన్నమొన్నటిదాకా ఆ ఇంటి బానిస. చట్టం మారి మూడేళ్లయింది కానీ ఆమెకు వంటిల్లు మాత్రం మారలేదు.

"ఏమే ఫిర్మీనా, బతికే ఉన్నావా?"

"చస్తే ముందు నీకే కబురు పెడతాలే అత్తా. రా, కూర్చో."

"కూర్చోడానికి రాలేదు. అయ్యగారు పిలుస్తున్నారు. పాడు పనొకటి చెబుతారు. ఒప్పుకోకు."

"ఏం పనో చెప్పకుండా ఒప్పుకోకంటే ఎలాగ?"

కుస్తోదియా గుమ్మంలోనే నిలబడి చెప్పింది. అమ్మగారి బొమ్మ గీయడానికి బెలార్మినో అని ఒక చిత్రకారుణ్ని పిలిపించారు కదా. పారిస్‌లో చదువుకొచ్చినవాడు, తైలవర్ణాల్లో మనిషిని కూర్చోబెట్టినట్టు దించేస్తాడని పేరు. మూడు రోజులు అమ్మగారు అతని ఎదుట కూర్చున్నారు. మొహం పూర్తయింది. నాలుగోనాడు జ్వరం. వారం తిరక్కుండా ఆవిడ పోయారు. ఇప్పుడు గుడ్డ మీద మెడ పైన మనిషి ఉంది, మెడ కింద బొగ్గు గీతలున్నాయి.

"ఆ మహానుభావుడు కళ్లారా చూడనిది గీయడట. ఆవిడ గౌను తొడుక్కుని కూర్చునే ఒళ్లు కావాలట. ఊళ్లో ఆవిడ కొలతలున్నది నువ్వొక్కదానివే."

అది నిజమే. గౌను కుట్టేటప్పుడు గంటలకొద్దీ నిలబడే ఓపిక లియోకాదియా గారికి ఉండేది కాదు. ఫిర్మీనాయే తొడుక్కుని చూసుకుని సరిచేసేది. ఇద్దరిదీ ఒకటే భుజం, ఒకటే నడుం.

"చర్చిలో ఏడోనాటి పూజ ఇంకా కాలేదు కదా!" అంది ఫిర్మీనా.

"అదేగా నేను మొత్తుకునేది!"

చచ్చిపోయినవాళ్ల బట్టలు ఏడోనాటి పూజ అయ్యేదాకా ఎవరూ తొడుక్కోకూడదని ఆ ఊళ్లో కుక్కపిల్లకి కూడా తెలుసు. ఉతకరు, దానమివ్వరు. అంతవరకూ వాటికి సొంతదారు ఇంకా ఇంట్లోనే ఉన్నట్టు లెక్క. కానీ ఏడోనాడు మధ్యాహ్నం బండికి చిత్రకారుడు వెళ్లిపోవాలి, రాజధానిలో ఇంకెవరో పెద్దమనిషి అతని కోసం కాచుకుని ఉన్నాడు. కుస్తోదియా ఆ మాట అన్నప్పుడు కర్నల్ గారు, "నా భార్యను తీసుకుపోవడానికి దేవుడు ఏడు రోజులు ఆగాడా?" అన్నారట.

ఫిర్మీనా ఒప్పుకుంది. భయం లేక కాదు. కర్నల్ గారి హాల్లో ఆ గడ్డం చిత్రకారుడు లేచి నిలబడి "రండి, ఫిర్మీనా గారూ" అన్నాడు. ఆమెను పుట్టి బుద్ధెరిగాక ఎవరూ 'గారూ' అనలేదు. మనిషి ఎంత చిన్నదానికి పడిపోతుందో చూడండి.

భూమధ్యరేఖకు దిగువనున్న ఆ దేశంలో దక్షిణపు గదిలో ఎండ పడదు, వెలుతురు మాత్రం రోజంతా ఒకేలా ఉంటుంది. అందుకే బెలార్మినో ఆ గది ఎంచుకున్నాడు. లోపల అవిసె నూనె, టర్పెంటైను వాసన. దాని కింద చావింట్లో మూడు రోజులు కాలిన మైనపు వాసన. ఇంట్లో అద్దాలన్నిటికీ నల్లగుడ్డలు కప్పి ఉన్నాయి. కప్పనిది ఆ బొమ్మ మొహమొక్కటే. లియోకాదియా గారు నేరుగా చూస్తున్నారు. కంటి కింద నీలం, పెదవి మూల చిన్న పగులు, అన్నీ ఉన్నాయి. చిత్రకారుడు ఏదీ దాచలేదు.

బూడిదరంగు పట్టుగౌను తొడుక్కుంటే ఫిర్మీనాకు ఒళ్లు చల్లబడింది. పట్టు అంతేలే అనుకుంది.

"ఎడమచెయ్యి శాలువా కింద పెట్టుకోండి, నాకు పని తగ్గుతుంది," అన్నాడు బెలార్మినో. "కుడిచెయ్యి ఒళ్లో బోర్లా. అంతే. ఇక ఊపిరి పీల్చడం తప్ప ఇంకేమీ చెయ్యకండి."

రెండు గంటలు అతను ఆ చేతినే చూశాడు. తనలో ఒక భాగాన్ని ఒక మనిషి అంతసేపు చూడడం ఫిర్మీనాకు అదే మొదటిసారి.

"చూపుడువేలి మీద ఈ చుక్కలేమిటి?"

"సూది పోట్లండీ. అమ్మగారికి ఉండవు. అవి తీసెయ్యండి."

"దొరసానిదైనా దర్జీదైనా, నాకు కనిపించింది నేను గీస్తాను. కర్నల్ గారు చేతులు చూడరు, భయపడకండి. మొగుళ్లెవరూ చూడరు."

అప్పుడే తలుపు తోసుకుని జుల్మీరా వచ్చింది. లియోకాదియా గారి ఒక్కగానొక్క కూతురు, ఐదేళ్లది. తల్లి పోయినప్పటినుంచి ఏడవలేదు, సరిగా తినలేదు. గౌనుని చూసింది, బొమ్మని చూసింది, వచ్చి ఫిర్మీనా కుడిచేతి మీద చెంప ఆనించి నిలబడింది. జామపండు మిఠాయి వాసన, పిల్ల జుట్టు వాసన. ఫిర్మీనాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఈ పిల్ల కోసం చావమన్నా చస్తానని ఆ నిమిషంలో అనుకుంది. అది ఉత్తుత్తి మాట కాదు.

"నీ పేరు ఫిర్మీనా పిన్ని కదూ?" అంది పిల్ల.

"అవునమ్మా."

"అమ్మ నిన్ను కదలొద్దంటోంది."

బెలార్మినో నవ్వాడు. "నా శిష్యురాలు," అన్నాడు.

మర్నాడు పొద్దున ఫిర్మీనా గదిలోకి వచ్చేసరికి అతను బొమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నవ్వడం లేదు.

"నిన్న మీరు చెయ్యి బోర్లా పెట్టారు, కదూ?"

"మీరే కదండీ పెట్టమన్నారు."

అతను పక్కకు జరిగాడు. బొమ్మలో కుడిచెయ్యి వెల్లకిలా ఉంది. అరచెయ్యి పైకి తెరిచి, వేళ్లు కొంచెం వంచి... ఎవరినో పిలుస్తున్నట్టు. రంగు ఇంకా పచ్చిగా మెరుస్తోంది.

"నిన్న నేను తాగలేదు," అన్నాడు బెలార్మినో మెల్లగా. "తాగినా ఇంత బాగా గీయలేను."

ఫిర్మీనా దగ్గరకు వెళ్లి చూసింది. అరచేతి మధ్యలో, బొటనవేలి దిగువన, అర్ధచంద్రం లాంటి మచ్చ. పన్నెండేళ్ల కిందట ఇస్త్రీపెట్టె తగిలి కాలిన మచ్చ. తన అరచెయ్యి విప్పి బొమ్మ పక్కన పెట్టింది. ఒకటే మచ్చ, ఒకటే గీతలు. నిన్న రెండు గంటల్లో ఆ అరచెయ్యి ఒక్కసారి కూడా అతనికి కనబడలేదు.

అతను వెలుతురు బాగాలేదని చెప్పి ఆ పూట గౌను మడతలే గీశాడు.

సాయంత్రం ఇంటికొచ్చి మిషను ముందు కూర్చుంటే సూది వేలిలో దిగింది. నొప్పి లేదు. తీసి చూసింది. రక్తం కూడా రాలేదు.

మరునాడు పొద్దున వంటింట్లో కుస్తోదియా జుల్మీరాని ఒళ్లో కూర్చోబెట్టుకుని తడిగుడ్డతో నుదురు తుడుస్తోంది. నుదుటి మీద మూడు వేళ్లంత వెడల్పున, చర్మం రంగు పూత. టర్పెంటైను వాసన వేస్తోంది.

"ఎవరు పూశారే ఇది?"

"అమ్మ. జుట్టు పైకి తోసింది," అంది పిల్ల.

కుస్తోదియా పిల్లను దింపి పెరట్లోకి పంపి ఫిర్మీనా వైపు తిరిగింది. "చిలక్కి చెప్పినట్టు చెప్పాను. విన్నావా?"

"ఆ గౌను తగలబెట్టేద్దాం అత్తా."

"గౌను తగలబెడితే ఏం లాభం, చెయ్యి వెళ్లిపోయాక? మొహమిచ్చారు, కళ్లిచ్చారు, సరే. చచ్చిన తల్లి చూసుకుంటూ ఊరుకునేది. చెయ్యెందుకిచ్చారే దానికి? చెయ్యుంటే ఏ తల్లి పిల్లని ఎత్తుకోకుండా ఉంటుంది?"

ఫిర్మీనా తన కుడిచేతిని జేబులో దాచుకుంది.

"ఇంక రెండు రోజులు," అంది కుస్తోదియా గొంతు తగ్గించి. "ఏడోనాటి పూజలో గంట మూడుసార్లు మోగితే ఆవిడ దారిన ఆవిడ పోతుంది. అందాకా పిల్లని ఆ గదిలోకి పోనివ్వకూడదు."

రెండు రోజులూ దక్షిణపు గదికి తాళం వేశారు. పిల్లకి కాపలాగా ఫిర్మీనా ఆ ఇంట్లోనే ఉండిపోయింది. బెలార్మినో కాదనలేదు. బొమ్మ అయిపోయిందని, ఆరితే చాలని కర్నల్ గారికి చెప్పాడు.

ఏడోనాడు తెల్లవారేసరికి జుల్మీరాకు జ్వరం. తల్లికి వచ్చినట్టే వచ్చింది, కాళ్లు చల్లగా, తల కాలిపోతూ. బయట వాన. పూజ పది గంటలకి. కర్నల్ గారు కూతురి మంచం పక్కన కాసేపు నిలబడి, టోపీ చేతుల్లో తిప్పి తిప్పి, చివరికి వెళ్లారు. ఊరంతా చర్చిలో ఆయన కోసం ఎదురుచూస్తోంది. బెలార్మినో వెనకే వెళ్లాడు.

"నేను పోయి ఆవిడ పేరు మీద మోకాళ్లేస్తా," అంది కుస్తోదియా. "నేను లేకపోతే ఆవిడ కోసం మనసులో ప్రార్థించేవాళ్లు ఆ గుంపులో ఒక్కరుండరు. తాళంచెవి నీ దగ్గరుందా?"

ఫిర్మీనా జేబు తట్టి చూపించింది.

అందరూ వెళ్లాక ఇల్లు పెద్దదైపోయింది. పెంకుల మీద వాన. ఎక్కడో తలుపు బద్ద టకటకమంటోంది. పిల్ల నిద్రపోతోంది. ఫిర్మీనా తన కుడిచేతిని చూసుకుంది. తెల్లవారినప్పటినుంచి అది బిగిసి ఉంది, ఎవరిదో చెయ్యి తన ఒళ్లో పెట్టి వెళ్లినట్టు. పిల్ల నుదుటి మీద గుడ్డ వేడెక్కింది. తడిపి తెద్దామని వంటింట్లోకి వెళ్లింది. కుండలో గుడ్డ ముంచడం, ఒంటిచేత్తో పిండడం, తిరిగి రావడం. అంతే.

మంచం ఖాళీగా ఉంది.

"జుల్మీరా..."

నడవలో నేల మీద చిన్న పాదాల చెమట గుర్తులు. అటే వెళ్తున్నాయి. దక్షిణం వైపు. జేబులో తాళంచెవి తొడకు తగులుతూనే ఉంది. గది తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంది.

అవిసె నూనె వాసన. మైనం వాసన. ఆ రెంటి మధ్య, ఇన్నాళ్లూ లేనిది... లియోకాదియా గారు వేసవిలో మెడకు రాసుకునే నారింజపూల అత్తరు.

పిల్ల ఎత్తుపీట మీద నిలబడి ఉంది. చెయ్యి చాచి, బొమ్మలో పెట్టి ఉంది. బొమ్మ మీద కాదు. బొమ్మలో. మణికట్టు దాకా పచ్చిరంగు. రంగులోని వేళ్లు చిన్నవేళ్ల చుట్టూ మూసుకుని ఉన్నాయి. పైన మొహం మారలేదు. ఆ కళ్లు పిల్లని చూడడం లేదు. ఎప్పటిలా ఎదురుగానే చూస్తున్నాయి. ఫిర్మీనాకు అదే ఎక్కువ భయం వేసింది.

"పిన్నీ," అంది పిల్ల. పెదవులు నీలమవుతున్నాయి. "అమ్మ వదలట్లేదు."

ఫిర్మీనా పిల్లని నడుం పట్టుకుని లాగింది. రాలేదు. మళ్లీ లాగింది. బొమ్మ చట్రం కిర్రుమంది. పిల్ల ఒళ్లు తేలికవుతోంది. ఒక్కొక్క ఊపిరికీ ఒక్కొక్క పిసరు...

దూరంగా గంట. ఒకటి.

"అమ్మగారూ," అంది ఫిర్మీనా గుసగుసగా. "మీ బాధ నాకు తెలుసు. కానీ... ఆ చెయ్యి మీది కాదు. నాది."

వాన చప్పుడు ఆగింది. వాన ఆగలేదు, చప్పుడొక్కటే ఆగింది.

గంట. రెండు.

బల్ల మీద టర్పెంటైను గిన్నె, రంగు గీకే కత్తి. కుడిచెయ్యి చాపబోయింది, లేవలేదు. ఎడమచేత్తో గిన్నె అందుకుని బొమ్మ చేతి మీద కుమ్మరించింది. కత్తి పట్టుకుంది. మణికట్టు దగ్గర మొదలుపెట్టి గీకింది. రంగు మెత్తగా, పొరలు పొరలుగా వచ్చింది. పైపొర చల్లగా ఉంది. లోపలిది వెచ్చగా... ఆమె చూడలేదు. కళ్లు మూసుకుని గీకింది. వేళ్లు ఒక్కొక్కటే పోయాయి. బొటనవేలు అన్నిటికంటే చివర వదిలింది.

గంట. మూడు.

పిల్ల వచ్చి ఆమె గుండెల మీద పడి, పెద్దగా, గుక్కతిప్పుకోకుండా ఏడ్చింది. తల్లి పోయినప్పటినుంచి ఏడవని ఏడుపంతా ఏడ్చింది. పెంకుల మీద వాన మళ్లీ వినిపించింది.

చర్చి నుంచి అందరికంటే ముందు వచ్చింది బెలార్మినో. బొమ్మ ఒళ్లో చిరుగులా ఉన్న బోసి గుడ్డను చూశాడు, నేల మీద రంగు చూశాడు.

"ఎవరు?"

"నేనే."

అతను ఆమె కుడిచేతి వైపు చూశాడు. బండికి ముప్పావుగంట ఉంది. శాలువాను కిందికి పెంచి, ఆ చోటంతా నల్లరంగు కప్పేశాడు. చూడనిది గీయనన్న మనిషి ఆ పని మొహం పక్కకు తిప్పుకుని చేశాడు. కర్నల్ గారు వచ్చి, మొహం చూసి, కళ్లు తుడుచుకుని, చాలా బాగుందన్నారు.

సాయంత్రానికి జుల్మీరా జ్వరం దిగింది. రెండు నెలల తర్వాత ఆ పిల్లను కంపినాస్ పట్నంలో సన్యాసినుల బడికి పంపించేశారు. ఆ ఇంట్లో ఉంచకపోవడమే మంచిదని కుస్తోదియా కూడా అంది. బండి కదిలేటప్పుడు పిల్ల కిటికీలోంచి "పిన్నీ, ఉత్తరం రాయిస్తా" అని అరిచింది. ప్లాట్‌ఫారం మీద ఫిర్మీనా ఎడమచెయ్యి ఊపింది.

కుడిచెయ్యి మళ్లీ దారికి రాలేదు. వెల్లకిలా తెరుచుకుని, వేళ్లు కొంచెం వంగి, అలాగే ఉండిపోయింది. కత్తెర పట్టలేదు, సూది పట్టలేదు. వాతమన్నాడు డాక్టరు. వారం తిరిగేసరికి చూపుడువేలి మీద సూది పోట్లు మాయమయ్యాయి. తర్వాత అరచేతి మధ్య మచ్చ పోయింది. ముప్పై ఏళ్లు గుడ్డలు కుట్టిన చెయ్యి తెల్లగా, నున్నగా, గోళ్లు గులాబీరంగులో తయారైంది. కుస్తోదియా ఒకరోజు బీన్సు కూర పట్టుకొచ్చి, ఆ చేతిని చూసి, ఛాతీ మీద సిలువ గుర్తు వేసుకుంది. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా ఫిర్మీనాకు ఎడమవైపే కూర్చునేది.

పని పోయింది. పనితో వచ్చే నలుగురూ పోయారు. అయినా ఫిర్మీనా బాధపడలేదంటే నమ్మండి. ఎక్కడో ఒక పిల్ల బతికుంది, తన చెయ్యి ఇచ్చి బతికించుకున్న పిల్ల. నెలకొకసారి కంపినాస్ నుంచి ఉత్తరం వచ్చేది. స్టేషను గుమాస్తా చదివి పెట్టేవాడు. లెక్కలు రావడం లేదు, రొట్టె బాగోదు, పిన్నికి ముద్దులు. ఆ మూడు ముక్కలూ నెలంతా సరిపోయేవి ఆమెకి.

రెండో వేసవిలో కంపినాస్‌లో పచ్చజ్వరం మహమ్మారి వచ్చిందని బళ్లలో వచ్చినవాళ్లు చెప్పుకున్నారు. ఆ నెల ఉత్తరం రాలేదు. రేపొస్తుందిలే అన్నాడు గుమాస్తా. ఆ రేపు కూడా రాలేదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం, ఎండ కిటికీలోంచి నేల మీద పడి ఉండగా, ఫిర్మీనా కుర్చీలో కూర్చుని ఉంది. కుడిచెయ్యి ఎప్పటిలా ఒళ్లో వెల్లకిలా ఉంది.

చిటికెనవేలు కదిలింది.

ఆమె కదలకుండా చూసింది. చిటికెనవేలు ముడుచుకుంది. తర్వాత ఉంగరపువేలు. తర్వాత నడిమివేలు. తొందర లేదు... నిద్రపోతున్నవాళ్లు లేవకుండా జాగ్రత్తపడుతున్నట్టు. చూపుడువేలు మూసుకుంది. అన్నిటికీ పైన బొటనవేలు వచ్చి పడుకుంది.

ఎడమచేత్తో ఆ వేళ్లు విప్పబోయింది. రాలేదు. పిడికిలి పూర్తిగా బిగుసుకోలేదు, వేళ్లకూ అరచేతికీ నడుమ కొంచెం సందుంది. చిన్న చెయ్యి పట్టేంత సందు. అందులో ఏమీ లేదు. వంగి చూసింది, ఏమీ లేదు. కానీ అక్కడ వెచ్చగా ఉంది. జ్వరమంత వెచ్చగా. ఆ వెచ్చదనం లోపల ఏదో, ఒక్కసారి, మెల్లగా, ఆమె అరచేతిని నొక్కింది.

"వదలండి అమ్మగారూ..." అంది ఫిర్మీనా. "వదలండి."

కంపినాస్ బండి కూత వేసి స్టేషనులో ఆగింది. కొంతసేపటికి వీధిలో అడుగుల చప్పుడు వినబడింది. అన్ని గుమ్మాలూ దాటుకుని చివరి గది దాకా వచ్చి ఆగింది. ఎవరో తలుపు కొట్టారు. మళ్లీ కొట్టారు. ఫిర్మీనా లేచి వెళ్లి గడియ అందుకుంది. తలుపు తీయడానికి ఆమెకు ఎడమచెయ్యి ఒక్కటే ఖాళీగా ఉంది.